సూపర్వైజరు మీద కోడి

ఇందుకూరుపేట నుంచి మైపాడు వెళ్లే దారిలో, సముద్రపు గాలి ముక్కుకు తగలడం మొదలయ్యే చోట ఎడమకు తిరిగితే పెంచలప్రసాద్ గారి రొయ్యల గుంటలు వస్తాయి. నాలుగు గుంటలు, వాటి చుట్టూ గట్లు, ఒక రేకుల షెడ్డు, షెడ్డు పక్కన తాటాకు పాక. ఆ పాకలో కాపలాదారు హజరత్తయ్య, ఆయన భార్య చెంచులక్ష్మి, ఒక కుక్క ఉంటారు. ఎనిమిదేళ్లుగా ఆ సన్నటి గట్ల మీద నడిచి నడిచి హజరత్తయ్య మామూలు నడక మరిచిపోయాడు. పెళ్లి పందిట్లో కూడా రెండు పక్కలా నీళ్లున్నట్టే అడుగు ముందు అడుగు వేసుకుంటూ నడుస్తాడు.

ముగ్గురు బిడ్డలు పుట్టి దక్కకపోతే ఆయన తల్లి దర్గాకు మొక్కుకుంది. నాలుగోవాడు దక్కాడు, పేరు అలా వచ్చింది. ఆ పేరు మోసుకుంటూ యాభై ఆరేళ్లలో ఆయన ఉప్పు మడుల్లో ఉప్పు లాగాడు, ఊళ్లో వాళ్ల వరి కోశాడు, ఒడ్డున ఎవరెవరివో వలలు లాగాడు. ఎక్కడ పనిచేసినా ఎవరి మాటకూ ఎదురు చెప్పలేదు. రెండు టీలు తాగి కూడా ఎవరైనా ఇస్తే మూడో టీ తాగేస్తాడు, వద్దనడం రాక. కూతురు నాయుడుపేటలో అత్తగారింట్లో సుఖంగా ఉంది. ఇక ఆయన మాట వినే ప్రాణి కుక్క ఒక్కటే, అదీ తనకు తోచినప్పుడు.

కుక్క పేరు సూపర్వైజరు. గుంటలు తవ్వే రోజుల్లో ఎక్కడి నుంచో వచ్చిన గోధుమరంగు పిల్ల, మట్టి కుప్ప మీదెక్కి కూర్చుని, తవ్వే యంత్రం ఎటు తిరిగితే అటు తల తిప్పుతూ సాయంత్రం దాకా చూసింది. పనివాళ్లు ఆ పేరు పెట్టారు. పెరిగాక దానికి నిజంగానే ఉద్యోగం దొరికింది. రొయ్య చేతికొచ్చే వేళకు నీరుకాకులు గుంపులుగా దిగుతాయి, కొంగలు ఒడ్డున నిలబడి ఏరుకుంటాయి. సూపర్వైజరు వాటి వెంట పడుతుంది. గట్టు మీద పరుగెత్తి, అవసరమైతే గుంటలో దూకి ఈది మరీ తరుముతుంది. ఈ గుంటలకు వల కప్పలేదంటే ఆ కుక్క ఉందనే.

మార్చి నెలలో ఒక మంగళవారం దాని ఉద్యోగానికి ఎసరు వచ్చింది.

పెంచలప్రసాద్ గారి కూతురు వినీల జువాలజీలో ఎమ్మెస్సీ చదివింది. రోజూ పొద్దున ఎనిమిదింటికి స్కూటరు మీద వచ్చి గుంటల నీళ్లు పరీక్ష చేస్తుంది. పదకొండు నెలల కూతురు స్వర్ణను కూడా తెస్తుంది. వినీలకు నీళ్లలో ఉప్పు ఎంతుందో చూడ్డానికి రెండు నిమిషాలు పడుతుంది, పాప కూర్చోబోయే చాప చూడ్డానికి పది నిమిషాలు. దులుపుతుంది, తిరగేస్తుంది, మళ్లీ దులుపుతుంది. ఆవిడ సంచిలో రెండు థర్మామీటర్లుంటాయి. ఒకటి గుంటకు, ఒకటి పాపకు. పాపది తప్పు చూపిస్తుందేమోనన్న అనుమానంతో ఈ మధ్య మూడోది కొన్నది.

ఆ మంగళవారం పరీక్ష సీసాలో మందు చుక్కలు లెక్కబెట్టి తల తిప్పేసరికి పాప చాప మీద లేదు. పాక నీడలో సూపర్వైజరు మీద పడుకుని దాని చెవి నములుతోంది. వినీల పరుగున వెళ్లి ఎత్తుకుంది. గౌను మీద ఆముదపు గింజలాంటిదేదో కనిపించింది. చూస్తుండగా ఆ గింజ నడిచింది.

"హజరత్తన్నా, ఇదేంది?"

"గోమారమ్మా."

"గోమారని నాకూ తెలుసు. పాప మీద ఎందుకుండాది?"

హజరత్తయ్య నిజాయితీగా ఆలోచించాడు. "కుక్క మీద చోటు చాల్లేదేమోమ్మా."

వినీల నవ్వలేదు. కుక్క చెవి మడత విప్పి చూసింది. ఆ మాట అక్షరాలా నిజం. వేళ్ల సందుల్లో, మెడ కింద, తోక మొదట్లో, ఎక్కడ చూసినా గోమార్లు బస్సులో జనం మాదిరి ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉన్నాయి.

"వీటివల్ల జ్వరాలొస్తాయన్నా. కుక్కకీ వస్తాయి, మనుషులకీ వస్తాయి. నేను రాత్రిళ్లు నిద్రపోవాలా వద్దా? సోమవారం పొద్దున వచ్చి చూస్తా. దాని ఒంటిమీద ఒక్కటి కనబడినా ఇక ఈడ ఉండేదానికి లేదు. బోగోలులో మా పిన్నమ్మ వాళ్లకి తోట ఉండాది. ఆడికి పంపించేస్తాం. బాగానే చూసుకుంటారు."

బోగోలంటే ఎంత దూరమో సూపర్వైజరుకు తెలియదు కాబట్టి తోక ఊపింది. హజరత్తయ్యకు తెలుసు. కావలి దరిదాపుల దాకా పోవాలి. ఆయన ఆ పూట అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి, చేయి కడిగేసుకున్నాడు.

పశువుల డాక్టరు దగ్గర మందు తేవచ్చు కదా అంటే, పెంచలప్రసాద్ గారు గట్టు మీద ఆ మాటే ఎత్తనివ్వడు. రెండేళ్ల కిందట పక్క గుంటల్లో ఎవరో గేదెకు గోమార్ల మందు పట్టించి, కాలవలోకి తోలి కడిగారు. ఆ నీళ్లు గుంటకు తోడారు. మర్నాడు పొద్దునకు రొయ్యలన్నీ ఒడ్డుకొచ్చి పక్కకు పడుకున్నాయి.

"నలభై రోజుల్లో రొయ్య పట్టుబడి పెట్టుకోని కుక్కకి మందు కొడతారా?" అన్నాడాయన కూతురితో. "అది రోజుకి పదిసార్లు గుంటలో దూకతాది. దాని ఒంటికేది పూస్తే అది నా రొయ్యకి పూసినట్టే."

"పూసేది కాకుండా మింగించే బిళ్ళ కూడా ఉండాది నాయనా."

"మింగినా అది ఈదేది నా గుంటలోనే గదా. మందూ వద్దు, గోమారీ వద్దు."

వినీల హజరత్తయ్యకు సంగతి విడమరిచి చెప్పింది. గోమారికి ఎనిమిది కాళ్లు, రొయ్యకు పది నడక కాళ్లు. రెండూ పైతోలు విడిచి పెరిగేవే. ఏనాటివాడో ముత్తాత ఒకడే రెండింటికీ. అందుకే దాన్ని చంపే మందు దీన్నీ చంపుతుంది.

ఆ సాయంత్రం చెంచులక్ష్మి రొయ్యల ఇగురు చేసింది. హజరత్తయ్య ఒక రొయ్యను వేళ్లతో పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, కంచం అంచున పెట్టేశాడు.

"ఏమయ్యా, ఉప్పెక్కువైందా?"

"లేదు మే. ఇది గోమారికి చుట్టమంట."

"మంచిదేలే. నీ చుట్టాలకన్నా నయం, నూనెలో ఏస్తే రుచిగుండాయి. తిను."

బుధవారానికి ఈ కబురు కాలవ గట్టంతా పాకింది. పీతలు పట్టుకునే ఆదెయ్య వచ్చి పాక ముందు కూర్చున్నాడు. ఆదెయ్య జీవితంలో కుక్కను పెంచలేదు కాబట్టి కుక్కల విషయంలో ఆయనకు ఏ సందేహాలూ లేవు.

"సీతాఫలం గింజలు నూరి పట్టించు. అన్నీ రాల్తాయి."

హజరత్తయ్య వెళ్లి వినీలను అడిగాడు. కంట్లో పడితే కళ్లు పోతాయంది, గుంటలో పడితే రొయ్యలు పోతాయంది. ఆయన తిరిగొచ్చి ఆదెయ్యకు చెప్పాడు.

"అయితే ఎల్లిపాయలు తినిపించు. రక్తం ఘాటెక్కి గోమార్లు దిగిపోతాయి."

మళ్లీ వెళ్లాడు. కుక్క రక్తంలో కణాలు పగిలిపోతాయంది. తిరిగొచ్చాడు.

"కర్పూరం, కొబ్బరినూనె."

నాకితే మూర్ఛలొస్తాయంది.

"వేపనూనె. దానికేం వంక పెడతాదో చూస్తా."

వినీల ఈసారి కొంచెం ఆలోచించింది. "వేపనూనె పడితే పురుగు పైతోలు విడవలేదన్నా. రొయ్యా అంతే. చెట్టు నుంచి వచ్చిందని రొయ్యకి తెలియదు గదా. ఆకు ఉడకబెట్టిన నీళ్లయితే ఫర్వాలేదు. బోరింగు కాడ పొయ్యి, గుంటలకి దూరంగా. ఆ రోజంతా నీళ్లలో దిగకుండా కట్టెయ్యాల. కానీ దాంతో పూర్తిగా పోవు. దువ్వెన, చేతివేళ్లు, సబ్బునీళ్లు, ఈ మూడే గట్టి మందు. నలపొద్దు, పట్టకారుతో చర్మం కాడ పట్టుకోని లాగి, సబ్బునీళ్లలో ఎయ్యి."

నాలుగుసార్లు ఎండలో తిరిగినవాడు హజరత్తయ్య, అలిసిపోయింది మాత్రం ఆదెయ్య. "చదువుకున్నోళ్లతో నావల్ల కాదు" అని పీతల బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం బోరింగు దగ్గర స్నానం జరిగింది. ఎవరికి జరిగిందన్నది చెప్పడం కష్టం. హజరత్తయ్య చెంబుతో వేపాకు నీళ్లు పోస్తే సూపర్వైజరు ఒక్కసారి ఒళ్లు విదిలించింది. ఆకులూ, నీళ్లూ, మూడు గోమార్లూ ఆయన మీదికి వచ్చాయి. రెండో చెంబుకు తాడు తెంపుకుంది. గుంట వైపు పోకుండా ఆయన అడ్డం నిలబడితే, మర్యాదగా అటు తిరిగి, రోడ్డు దాటి, ఇసుకలో ఆరబెట్టిన కవళ్ల చేపల మీద పడి దొర్లింది. సాయంత్రానికి హజరత్తయ్య ఒంటినిండా పచ్చగా, చేదుగా, ఏ పురుగూ దగ్గరకు రానంత శుభ్రంగా ఉన్నాడు. కుక్క కవళ్ల వాసన కొడుతోంది.

గురువారం పేలు తీసే సన్నపళ్ల దువ్వెన తీశాడు. అది చెంచులక్ష్మిది. కుక్క తల ఒళ్లో పెట్టుకుని, వెంట్రుకలు పాయలు తీసి, ఒక్కొక్కటే లాగి సబ్బునీళ్ల డబ్బాలో వేస్తుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ముప్పై రెండేళ్లయింది పెళ్లయి. ఒక్కనాడన్నా నా తలలో పేను చూసినావా?"

"నువ్వెప్పుడన్నా ఒళ్లో తలకాయ పెట్టినావా మే?"

"పెడితే తోక కూడా ఉండాల అంటావు."

"కదలబాకే" అన్నాడు హజరత్తయ్య. కుక్కనే అన్నాడు. చెంచులక్ష్మి మాత్రం కదలకుండా ఇంకొంచెం సేపు నిలబడి, "ఆ చెవెనక చూడు, అంతలావు ఉంటే కనపడలా?" అని వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి డెబ్బై ఒకటి తీశారు.

శుక్రవారం అరవై ఎనిమిది వచ్చాయి. హజరత్తయ్యకు లెక్క అర్థం కాలేదు. డెబ్బై ఒకటి తీసేస్తే మళ్లీ అరవై ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చాయి? సూపర్వైజరు సొంతంగా తయారు చేస్తోందా? డబ్బా పట్టుకుని వినీల దగ్గరకు వెళ్లాడు. ఆవిడ డబ్బా చేతిలోకి తీసుకోలేదు, పాపను రెండో చేతికి మార్చుకుని దూరం నుంచే చూసింది.

"కుక్క మీదుండేవి కొన్నేనన్నా. అసలు మంద దాని ఒంటి మీద ఉండదు. రక్తం తాగడం అవగానే దిగిపోయి గోడ పగుళ్లలో, గోతాల కింద దాక్కుంటాయి. ఒక్కోటి వేలల్లో గుడ్లు పెడతాది. మీ పాకే వాటి ఊరు. కుక్క వాటికి హోటలు."

హజరత్తయ్య ఇంటికి వచ్చి గోడ వైపు చూశాడు. మట్టిగోడలో సన్నటి చీలిక. అగ్గిపుల్లతో గీరితే అందులోంచి చిన్నవి, పెద్దవి, కుటుంబాలతో సహా బయటికి వచ్చాయి. ఆ మధ్యాహ్నమంతా గోతాలు ఎండలో వేసి, మట్టి పిసికి పగుళ్లు పూడ్చాడు. కానీ పై దూలం దాకా చేయి అందదు, తాటాకు సందుల్లో వేలు దూరదు. సోమవారానికి రెండు రోజులే ఉంది. అప్పుడు చెంచులక్ష్మి చెప్పింది, కాలవ అవతల రెబెక్కమ్మ గేదెల మీద ఒక్క గోమారి కూడా ఎందుకుండదో.

రెబెక్కమ్మ దగ్గర ఒక కోడి ఉంది. ఎర్రటిది, మెడ మీద ఈకలు లేనిది. రోజూ గేదెలు పడుకోగానే వాటి మీదికెక్కి, పొదుగు దగ్గర నుంచి చెవుల దాకా ఒక వరస ప్రకారం ఏరుకుని తింటుంది. గేదెలు దానికోసం పక్కకు తిరిగి కాలు ఎత్తి చూపిస్తాయట. కోడి పేరు ప్రేమలీల.

"అదేం పేరక్కా కోడికి?" అన్నాడు హజరత్తయ్య.

"మా ఆడబిడ్డ పేరు తమ్ముడా. ఎవురింటికి పోయినా మూల మూలా ఎతికిందాకా నిలవదు. ఆ గుణం చూసి పెట్టినా. మా ఆడబిడ్డకి చెప్పబాక."

"రెండు రోజులు ఇస్తావా?"

"ఇస్తా. గుడ్డు పెడితే నాది. ఆదివారం గుడి నుంచి రాగానే చూసిపోతా. నీ కుక్క గానీ దాన్ని తినిందంటే, ఇక రోజూ పొద్దునా సాయంత్రం నువ్వొచ్చి నా గేదెలకి గోమార్లు ఏరాల. నోటితో కాదులే, చేత్తోనే."

ఒప్పుకుని, కోడిని చంకలో పెట్టుకుని కాలవ దాటాక హజరత్తయ్యకు అసలు సంగతి తట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సూపర్వైజరుకు తను నేర్పించింది ఒక్కటే. రెక్కలున్నదేది కనబడినా తరుము.

రెబెక్కమ్మ చెప్పిన పద్ధతి ప్రకారం కోడిని గంప కింద మూశాడు. కుక్కను పక్కన కట్టేశాడు. గంట సేపు రెండూ గంప కంతల్లోంచి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. కుక్కకు కడుపునిండా అన్నం పెట్టాడు. తరువాత దాని మెడ పట్టుకుని, చెవిలో "ఇది పక్షి కాదు నాయనా, డాక్టరు" అని రెండుసార్లు చెప్పి గంప ఎత్తాడు.

సూపర్వైజరు గుర్రుమంది. ప్రేమలీల నేరుగా నడిచి వచ్చి దాని ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. ఇన్నేళ్లలో ఏ పక్షీ అలా చేయలేదు. కుక్క వెనక్కి తగ్గి హజరత్తయ్య ముఖం చూసింది. ఆలోపే కోడి దాని ముందుకాలి వేళ్ల సందులో పని మొదలుపెట్టింది. తరువాత మెడ. తరువాత వీపెక్కి, తల వంచి, చెవి లోపల. సూపర్వైజరు కళ్లు మెల్లగా మూతలు పడ్డాయి, నాలుక ఒక పక్కకు వేలాడింది, వెనక కాలు దానంతట అదే గాల్లో తన్నుకోవడం మొదలుపెట్టింది.

"నీకెప్పుడన్నా అంత సుఖం ఇచ్చినానా మే నేను?" అన్నాడు హజరత్తయ్య.

"నువ్వు పేనన్నా తియ్యలేదు" అంది చెంచులక్ష్మి.

కుక్క పని అయ్యాక కోడి పాకలోకి వెళ్లి గోడల సంగతి చూసింది. దూలమెక్కింది, తాటాకు సందుల్లో మెడ దూర్చింది. శనివారం మధ్యాహ్నానికి దువ్వెనకు నాలుగే వచ్చాయి, సాయంత్రం ఒక్కటి. హజరత్తయ్య ఎనిమిదేళ్లలో మొదటిసారి గట్టు మీద ఈల వేసుకుంటూ నడిచాడు.

ఆదివారం పొద్దున మూడో గుంటలో పద్నాలుగు నీరుకాకులు దిగాయి.

"సూపర్వైజరూ, పట్టు" అన్నాడు హజరత్తయ్య.

సూపర్వైజరు ఉత్సాహంగా పరుగెత్తింది. గుంట ఒడ్డుకు పోయి, నీరుకాకుల ఎదురుగా వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ పైకెత్తి పొట్ట చూపించింది. రెక్కలున్న ప్రతిదీ గోమార్లు ఏరడానికే వస్తుందని దానికి అర్థమైంది. ఇంతకాలం ఇంతమంది డాక్టర్లను తరిమికొట్టినందుకు బాధపడుతున్నట్టు కూడా ఉంది దాని ముఖం. నీరుకాకులు దానివైపు ఒకసారి చూసి, మునిగి, రొయ్యలతో పైకి తేలాయి.

హజరత్తయ్య కేకలేశాడు. అవి కదల్లేదు. మట్టిగడ్డ విసిరాడు. జరిగి కూర్చున్నాయి. మనుషుల కేకలు అవి పుట్టినప్పటి నుంచి వింటున్నాయి. ఆయన గట్టుకు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. తలగుడ్డ విప్పి గాల్లో తిప్పుతూ పరుగెత్తి, గొంతెత్తి మొరిగాడు.

పద్నాలుగూ లేచాయి. మొరిగే మనిషిని అవి ఎన్నడూ చూడలేదు.

ధైర్యం వచ్చి నాలుగో గుంట దాకా మొరుగుతూ పోయి, మలుపు తిరిగేసరికి ఎదురుగా మోటారుసైకిలు ఆపుకుని పెంచలప్రసాద్ గారు నిలబడి ఉన్నాడు.

"హజరత్తయ్యా."

"అన్నా."

"నువ్వేనా మొరిగింది?"

"నేనేనన్నా."

"కుక్కేది?"

"పడుకోనుండాది."

"ఒంట్లో బాగలేదా?"

"బాగుండాదన్నా. బాగుండబట్టే పడుకోనుండాది."

పెంచలప్రసాద్ గారు పాక దగ్గరికొచ్చి చూశాడు. కుక్క మీద కోడి కూర్చుని ఉంది. ఆ పక్కనే ఒడ్డున ఒక కొంగ నిలబడి ఉంటే కుక్క దానికి తోక ఊపుతోంది.

"ఆ కుక్కని ఎందుకు పెట్టుకున్నాం మనం?" అన్నాడు. "రేపు మా అమ్మాయి చూసేదేదో చూడనీ. గోమారి ఉన్నా బోగోలుకి పోతాది, లేకపోయినా పోతాది. ఆటోకి చెప్తా."

హజరత్తయ్య "సరేనన్నా" అన్నాడు. అలవాటు అది. యజమాని వెళ్లిపోయాక గట్టు మీద కూర్చుండిపోయాడు. చెంచులక్ష్మి వచ్చి, ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఏమీ అనకుండా పక్కన టీ గ్లాసు పెట్టి పోయింది. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది. సాయంత్రం రెబెక్కమ్మ వచ్చి, కోడి ఒళ్లు తడిమి చూసి, సంగతి విని, "రేపటిదాకా ఉండనీలే తమ్ముడా. కుక్క పోయేటప్పుడు పక్కన ఎవురన్నా ఉండాల గదా" అంది.

సోమవారం పొద్దున వినీల చేతులకు తొడుగులు వేసుకుని, భూతద్దం, తెల్లగుడ్డ పట్టుకుని వచ్చింది. పాపను తండ్రికి ఇచ్చింది. రోడ్డు మీద ఆటో ఆగి ఉంది. తెల్లగుడ్డ మీద కుక్కను పడుకోబెట్టి, తోక కొస నుంచి మొదలుపెట్టింది. అరగంట పట్టింది. నాలుగు కాళ్ల వేళ్ల సందులూ చూసింది, చెవుల మడతలు చూసింది, చూసిన చోటే మళ్లీ చూసింది. హజరత్తయ్య ఊపిరి బిగబట్టి, ఇక బిగబట్టలేక వదిలి, మళ్లీ బిగబట్టాడు.

"లేవు" అంది వినీల. తను చూసిందే తను నమ్మలేనట్టు ఇంకోసారి చెవి తిప్పింది. "ఒక్కటి కూడా లేదు."

ఆ మాటతో తలెత్తి ఆయన వైపు చూసి, ఆగిపోయింది. "అన్నా, కదలబాక." పట్టకారు తీసుకుని హజరత్తయ్య కుడిచెవి వెనక నుంచి ఆముదపు గింజంత దాన్ని లాగి, సబ్బునీళ్లలో వేసింది.

"కుక్క పాసయింది. నువ్వు తప్పినావు. నాలుగు రోజులు పాపని ఎత్తుకోబాక. చెంచులక్ష్మక్కా, రోజూ ఆయన చెవులు చూడు. జ్వరం వస్తే నాకు చెప్పండి, నా దగ్గర థర్మామీటర్లున్నాయి."

"బోగోలుకి ఈయన్ని పంపిస్తారా?" అంది చెంచులక్ష్మి.

పెంచలప్రసాద్ గారు పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నేను చెప్పింది చెప్పిందే. గోమార్లు లేవు, మంచిది. పక్షుల్ని తోలని కుక్క మాత్రం గుంట మీద ఉండేదానికి లేదు. ఎక్కించు హజరత్తయ్యా."

హజరత్తయ్య కుక్క మెడ మీద చేయి వేశాడు. ఆటో వైపు రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"ఎక్కించనన్నా."

ఆ మాట విని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే. కానీ ఒకటి వచ్చాక మిగతావి వాటంతటవే వచ్చాయి. "మీకు పక్షులు పోవాల. అంతే గదా. అది మొరిగితే పోయినాయి. నేను మొరిగితేనూ పోయినాయి. దాని పని నేను చేస్తా. అది ఈడ ఉండాల."

"నువ్వు మొరుగుతా కూర్చుంటే నీ పని ఎవురు చేస్తారు?"

"నా పనేముందన్నా, గట్టు మీద నడిచేదే గదా. నడస్తా మొరుగుతా."

ఆటో డ్రైవరు నవ్వు ఆపుకోలేక ఇంజను ఆపేశాడు. వినీల తండ్రి వైపు చూసి అంది, "నాయనా, కుక్క అరుపుకి పక్షులు అలవాటు పడిపోయినాయి. ఈమధ్య ఎగిరినా పక్క గుంటలోనే దిగతా ఉండాయి. నిన్న హజరత్తన్న తోలినాక మళ్లీ మధ్యాహ్నం దాకా రాలేదంట."

"నువ్వూ ఆయన పక్కనేనా?" అన్నాడు పెంచలప్రసాద్ గారు. మూడో గుంట వైపు చూశాడు. అందులో తొమ్మిది నీరుకాకులు మునుగుతూ తేలుతూ ఉన్నాయి. "సరే. మొరుగు చూద్దాం."

ఒంటరిగా మొరగడం వేరు, యజమాని, ఆయన కూతురు, తన పెళ్లాం, ఆటో డ్రైవరు వరసగా నిలబడి చూస్తుంటే మొరగడం వేరు. హజరత్తయ్య మొదటి అరుపు దగ్గులా వచ్చింది. ఒక నీరుకాకి తల తిప్పి చూసి మళ్లీ మునిగింది. చెంచులక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. తలగుడ్డ లాగి, గట్టెక్కి, పరుగందుకుని, పొట్టలో నుంచి తెచ్చి మొరిగాడు.

అది విని సూపర్వైజరు తుళ్లిపడి లేచింది. హజరత్తయ్యకు ఏదో అయిందనుకుంది. వీపు మీద ప్రేమలీల ఉన్నదన్న సంగతి మరిచిపోయి ఆయన వెంట పరుగెత్తింది. పక్షుల వైపు కన్నెత్తి చూడకుండా, ఆయన్నే చూస్తూ, ఆయన చుట్టూ తిరుగుతూ గొంతు చించుకుని అరిచింది. కోడి రెక్కలు టపటపలాడిస్తూ, దిగకుండా, దాని కంటే పైస్థాయిలో అరిచింది. గట్టు మీద తలగుడ్డ తిప్పుతూ ఒక మనిషి, ఆయన వెనక కుక్క, కుక్క మీద కోడి. తొమ్మిది నీరుకాకులూ, రెండు కొంగలూ, పక్క గుంటలో ఎవరికీ కనబడకుండా దాక్కున్న ఇంకో అయిదూ ఒక్కసారిగా లేచి సముద్రం వైపు పోయాయి. మొదటి గుంటలో ఏ పాపమూ ఎరగని రెండు బాతులు కూడా పోయాయి.

తాత భుజం మీద పాప ఒళ్లు ఊపుకుంటూ నవ్వింది. ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. ఎక్కిళ్లు చూసి వినీలకు కంగారు పుట్టి నీళ్ల సీసా వెతుక్కుంది.

పెంచలప్రసాద్ గారు ఖాళీ అయిన ఆకాశం వైపు కాసేపు చూశాడు. తరువాత ఆటో డ్రైవరుతో, "నువ్వు పో అబ్బయ్యా" అన్నాడు. కూతురితో, "మీ పిన్నమ్మకి ఫోన్ చెయ్యి, కుక్క రావడం లేదని" అన్నాడు. పాపను ఆవిడ చేతికి ఇచ్చాడు. మోటారుసైకిలెక్కి, కదలబోతూ, హజరత్తయ్యతో "రెబెక్కమ్మని అడుగు, ఆ కోడికి పిల్లలేమన్నా ఉండాయేమో" అన్నాడు.

హజరత్తయ్య తలూపాడు. మొరిగి మొరిగి గొంతు పూర్తిగా పోయింది. పాక నీడలో చతికిలబడ్డాడు. సూపర్వైజరు వచ్చి, ఆయన నిజంగానే బాగున్నాడని ముఖం వాసన చూసి తేల్చుకుని, ఒళ్లో తల పెట్టింది. ఆయన వేళ్లు వాటంతటవే దాని చెవి మడత విప్పాయి. ఏమీ లేదు. అయినా రెండో చెవి కూడా విప్పి చూశాడు.